మల్లె అంటు మీది ఇటుక

నిన్న బాల్కనీలో మల్లెతీగని కుండీ మట్టిలోకి వంచి, మీద రాయి పెట్టగానే చిన్ననాటి ఇటుక ఒకటి గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ మల్లెకి ఇలాగే అంటు తొక్కేవారు కదూ?

రెండువేల నాలుగో, ఐదో. కైకలూరులో మా పెరట్లో అమ్మ మల్లెకొమ్మని మట్టిలో పూడ్చి, పైన ఇటుక పెట్టింది. "నెల్లాళ్ళు ఎత్తకూడదు. చూస్తే వేరు పట్టదు" అంది.

వారం తిరక్కుండానే ఎత్తేశాను. కింద పెన్సిలంత పాముపిల్ల చుట్ట చుట్టుకుని ఉంది. ఇటుక అక్కడే పడేసి పారిపోయాను. చెబితే ఇటుక ఎత్తానని తెలిసిపోతుంది. అందుకే అమ్మ రోజూ అక్కడ చేత్తో నీళ్ళు చల్లుతుంటే, గుమ్మంలో నిలబడి ఆ చేతినే చూస్తుండేదాన్ని.

నాలుగోరోజు కలుపు పీకుతూ అమ్మ ఇటుక మీద చెయ్యేసింది.

"అమ్మా, దానికింద పాముంది" అని ఏడ్చేశాను.

అమ్మ కర్రతో ఇటుక దొర్లించింది. తడిమట్టి తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

"ఎప్పుడు చూశావే?"

"నాలుగు రోజులైంది."

అమ్మ తిట్టలేదు. కర్ర పారేసి లోపలికి పరుగెత్తి, నేలమీద పరిచిన చాపపై నిద్రపోతున్న చంటి చెల్లిని ఎత్తేసుకుంది.