రెండు లైన్లూ కలిపింది నేనే

చాలా ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. రోజూ డైరీ రాసేదాన్ని, ఇది మాత్రం అందులో కూడా రాయలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

చింతామణి ఊళ్లో మా అన్నకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఒక్క బ్రాడ్‌బ్యాండ్ లైను మీద కంప్యూటర్లన్నీ ఈడ్చుకుంటూ నడిచేవి. పుస్తకాలు చదివి, రెండో లైను పెట్టించి, రెండింటినీ ఒక రౌటర్ పెట్టెలో కలిపింది నేను. వేగం పెరిగింది. "నేనే చేసినా" అని అన్న అందరికీ చెప్పుకున్నాడు. పక్కనే ఉండి కూడా నేను నోరు తెరవలేదు.

అందులో ఒక లోపం ఉంది. ఆన్‌లైన్లో అర్జీ నింపుతుంటే ఒక పేజీ ఒక లైన్లో, తర్వాతి పేజీ ఇంకో లైన్లో పోయేది. వేరే ఎవరో వచ్చారనుకుని సైటు ఆ నింపేవాళ్లను బయటికి తోసేది. అప్పుడు ఒక లైను వైరు పీకేస్తే చాలు, అన్నీ మిగిలిన లైన్లోనే పోతాయి. ఈ మాట అన్నకు చెప్పాను.

"నువ్వు నాకు నేర్పిస్తాండావా? మూసుకోని ప్రింట్లు తీ పో" అన్నాడు, అందరి ముందర. సెంటర్లో కూర్చున్నవాళ్లు నవ్వారు.

సరే, నీ పరువు పోయే రోజు రానీ అనుకున్నాను.

వచ్చింది. బట్లహళ్ళి అనే పల్లె నుంచి మంజుల అనే పిల్ల, వాళ్ల నాన్న వచ్చారు. టీచరు ఉద్యోగానికి అర్జీ, ఆ సాయంత్రమే గడువు. మంజుల నింపుతుంది, సైటు తోసేస్తుంది. మళ్లీ మొదటినుంచి. వైరు నా మోకాలి పక్కనే ఉంది. నేను అన్న ముఖంలో చెమట కోసం చూస్తున్నాను. ఆ పిల్ల వైపు ఒక్కసారైనా చూశానా? చూశాను. చూసి కూడా, ఇంకాసేపు కానీ, వాడు నన్ను అడగనీ, అందరి ముందర నన్ను బతిమాలనీ అనుకుంటూ కూర్చున్నాను.

అన్న అడగలేదు. గడువు దాటిపోయింది.

"యాడో తప్పు నొక్కింటావు లేమ్మా. చేతకానోళ్లు చేస్తే ఇట్లే" అని అన్న మంజులతో అన్నాడు.

"ఇంత చదివిస్తే ఇదా నువ్వు చేసేది? రేపట్నుంచి టమాటా తోటలోకి నడు" అన్నాడు వాళ్ల నాన్న.

మంజుల నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నేనేమి తప్పు నొక్కినానక్కా?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

అన్న మీద కోపంతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కోపం నిజమే, ఇంకా తగ్గలేదు. ఆ కోపానికి వాడేం పోగొట్టుకున్నాడు? ఏమీ లేదు. మరుసటి రోజు కూడా సెంటర్ నిండింది. నాకు బిడియం ఎక్కువ, నలుగురిలో మాట రాదు అని కూడా అనుకున్నాను. వైరు పీకడానికి మాట ఎందుకు?

నన్ను ఓదార్చకండి. ఈ ఒక్క సంగతి బయటపడితే చాలు నాకు. మంజుల ఏ తప్పూ నొక్కలేదు. నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.