నడిపించే నాకే నడక పోయింది

ఆ రోజు కోదాడలోని నా క్లినిక్‌లో ఒక టీచరమ్మ భుజానికి చికిత్స చేస్తున్నాను. ఫ్రోజెన్ షోల్డర్, కీలు బిగుసుకుపోయింది. చేయి పైకెత్తి పట్టుకుని, కీలు వెనకాల బొటనవేళ్లతో గట్టిగా నొక్కాలి.

"ఏంటి మేడం, ఇవాళ నొక్కట్లేదు?" అని అడిగిందామె.

నేను నా బలమంతా పెట్టే నొక్కుతున్నాను. వేళ్లు మాత్రం వెనక్కి వంగిపోతున్నాయి.

పొద్దుటి నుంచి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉంది. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని అప్పుడు తోచలేదు. రోజంతా వంగి పనిచేసేవాళ్లకు మెడ నరం నొక్కుకుపోవడం మామూలే. అదే అయివుంటుందనుకుని, టీచరమ్మను వారం తర్వాత రమ్మని పంపేశాను.

నా పేరు అనిత. ఫిజియోథెరపిస్టుని. మాది దామరచర్ల దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగాను. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివాను. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్లు మూసుకుని తడిమి చెప్పాలనేవారు మా సార్లు. తర్వాత ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చేసి, కొంతకాలం అక్కడి ఆస్పత్రిలోనే పనిచేశాను. చేరిన కొత్తలో ఒక ముసలాయన కాలు పట్టుకుని లేపబోతుంటే మా సీనియర్ ఆపింది. "ముందు ఆయన్ని అడుగు. అది ఆయన కాలు" అంది. నాకు వింతగా అనిపించింది. మన దగ్గర మంచమెక్కిన మనిషిని అలా ఎవరు అడుగుతారు?

ఆ తర్వాత మస్కట్‌లో చాలా ఏళ్లు. ఎక్కువగా రోడ్డు ప్రమాదాల కేసులు, ఐసీయూలో ఊపిరితిత్తుల కఫం వదిలించే ఛెస్ట్ ఫిజియో. సగం హిందీ, సగం అరబిక్ కలిపి నెట్టుకొచ్చేదాన్ని. పేషెంట్ల చేతులు పట్టుకుని "శ్వయ్య, శ్వయ్య" అనేదాన్ని. మెల్లగా, మెల్లగా అని.

పెళ్లయ్యాక కోదాడలో రెండు మంచాల క్లినిక్ పెట్టాను. నా భర్త శ్రీను కోదాడలోనే పెరిగాడు. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. క్లినిక్ బాగానే నడిచేది కానీ వచ్చినవాళ్లకు కరెంటు పెట్టే మిషన్ మీదే నమ్మకం. ఎక్సర్‌సైజులు చెప్పబోతే "అయి ఇంటికాడ చేసుకుంటం గని, జర కరెంటు పెట్టుర్రి మేడం" అనేవాళ్లు. మళ్లీ ఆస్పత్రి పనిలోకి వెళ్లాలనిపించింది. ఐర్లాండ్‌లో రిజిస్ట్రేషన్ దొరికింది. ఉద్యోగమూ ఖాయమైంది. ఇద్దరం ప్రయాణానికి సిద్ధమవుతున్నప్పుడు మొదలయ్యాయి ఈ తిమ్మిర్లు.

మర్నాడు కోదాడలోనే ఒక డాక్టర్‌కు చూపించుకున్నాను. "బీ ట్వల్వ్ తక్కువై ఉంటదమ్మా. ప్రయాణం టెన్షన్ కూడా" అని ఇంజెక్షన్లు రాశారు. నేనూ నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను. ఇంజెక్షన్లు చేయించుకుంటుండగానే తిమ్మిరి మడమల నుంచి పిక్కల్లోకి, అక్కడి నుంచి మోకాళ్లలోకి ఎక్కింది. ప్రయాణానికి సూట్‌కేసు కొనడానికి సూర్యాపేట వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు బస్సు మెట్టు ఎక్కలేకపోయాను. కాలు లేచింది కానీ ఒళ్లు లేవలేదు.

"జల్ది ఎక్కమ్మా, ఎనక మంది ఉన్నరు" అన్నాడు కండక్టర్. నా వెనకున్న ఒకామె నడుము పట్టుకుని పైకి తోసింది.

ఇంటికొచ్చి మంచం అంచున కూర్చున్నాను. శ్రీనును పిలిచి, క్లినిక్ సంచిలోని రిఫ్లెక్స్ హ్యామర్ తెమ్మన్నాను. మోకాలి చిప్ప కింద ఎక్కడ కొట్టాలో చూపించాను. కొట్టాడు. ఎగరాల్సిన కాలు కదల్లేదు.

"ఇంకొంచెం గట్టిగా."

"గట్టిగానే కొడుతున్నా అనితా."

రెండో కాలూ అంతే. మడమ వెనకా అంతే. హ్యామర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు విషయం అర్థమైంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పేషెంట్లను చూశాను.

"జీబీఎస్ అనుకుంటా" అన్నాను. "గిలాన్ బారీ సిండ్రోమ్. జబ్బు మీద పోరాడాల్సిన శక్తి పొరబాటున మన నరాల మీదే పడుతుంది. కాళ్ల నుంచి పైకి పాకుతుంది."

"తగ్గుద్దా?"

"చాలామందికి తగ్గుతుంది."

"మరి మిగతావాళ్లకి?"

కారు మాట్లాడమన్నాను.

సూర్యాపేటలో మమ్మల్ని చూసిన డాక్టర్ ఎక్కువ మాట్లాడలేదు. ఊపిరి ఎలా ఉందని అడిగి, కళ్లు గట్టిగా మూసుకోమన్నారు. "ఇక్కడ పెట్టుకుని టైం వేస్ట్ చెయ్యను. ఇది పాకుతోంది" అని అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపారు.

అక్కడ నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు. న్యూరాలజిస్ట్ మంచం పక్కన నిలబడి, "మీరు ఫిజియో కదా, మీకు తెలిసిందే. ఐవీఐజీ డ్రిప్ మొదలుపెడుతున్నాం. ఇది నరాలు ఇంకా పాడవకుండా ఆపడానికి. పాడైనవి వాటంతట అవే బాగుపడాలి. దానికి టైం పడుతుంది" అన్నారు. మీకు తెలిసిందే అన్న ఆ మాట ఆస్పత్రిలో ప్రతి ఒక్కరూ అన్నారు. తెలియకపోతే బాగుండేదని నేను అనుకోని పూట లేదు.

ఊపిరి బలం ఎంతుందో చూడటానికి నర్సులు గంటగంటకూ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. మొదట్లో ముప్పై దాటేదాన్ని. మర్నాటికి ఇరవై దగ్గర ఆగింది. ఆ తర్వాత పన్నెండు కూడా కష్టమైంది. నర్స్ "పర్లేదు మేడం" అని వెళ్లి వెంటనే డాక్టర్‌ను తీసుకొచ్చింది. నన్ను ఐసీయూకు మార్చారు. వెంటిలేటర్‌ను మంచం తలవైపు తెచ్చి పెట్టారు. గొంతులో ట్యూబు వేశాక కఫం లాగే సక్షన్ చేస్తే పేషెంట్ ఎలా ఎగిరిపడతాడో నాకు తెలుసు. మస్కట్‌లో ఎంతోమందికి నేనే చేశాను. ఇప్పుడు ఆ మిషన్ నాకోసం ఎదురుచూస్తోంది. మూతి ఒక పక్కకు జారిపోవడంతో మాటలు ముద్దగా వచ్చేవి. కళ్లు పూర్తిగా మూతపడకపోతే టేపు వేసేవారు.

అక్కడి ఫిజియోథెరపిస్టులు మంచివాళ్లే. పనీ తెలుసు. కానీ వచ్చీ రాగానే దుప్పటి తీసి కాలు లేపేవారు, పక్కకు తిప్పేవారు. నా తల మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. నొప్పి అని చెప్పేలోగా అయిపోయేది. ఆ ఇంగ్లండ్ సీనియర్ మాట అప్పుడు నిజంగా అర్థమైంది నాకు.

వెంటిలేటర్ అవసరం పడలేదు. అంకెలు ఒకచోట ఆగి, మెల్లగా పైకి రావడం మొదలైంది. డాక్టర్ "అదృష్టవంతులు" అన్నారు. అప్పటికి మెడ కింద నా ఒంట్లో నా మాట వినేవి భుజాలు మాత్రమే.

డిశ్చార్జ్ తర్వాత మిర్యాలగూడలో కింది పోర్షన్ ఒకటి కిరాయికి తీసుకున్నాం. దామరచర్ల నుంచి మా అమ్మ వచ్చిపోవడానికి దగ్గర. రెండిళ్ల అవతల నాజియా అనే ఫిజియోథెరపిస్ట్ సెంటర్ ఉంది. శ్రీను డ్యూటీ చూసుకుని వారానికి రెండుసార్లు వచ్చేవాడు.

అమ్మను మేం యాడి అంటాం. యాడి థర్మల్ ప్లాంట్ దగ్గర కూలిపని మానేసి వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. నా పాదాలకు దుప్పటి తగిలినా నిప్పు పెట్టినట్టు మండేది. ఆమె మాత్రం నూనె వేడి చేసుకుని రోజూ వచ్చేది.

"కాళ్లు సచ్చువడ్డయి బిడ్డా. రుద్దితెనే రగతం పారుతది" అనేది.

"వద్దు యాడీ, ముట్టుకోకు" అని అరిచేదాన్ని. ఆమె గిన్నె పక్కన పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేది. ఆమెకు నాకోసం చేయగలిగింది అదొక్కటే. అదీ నేను చేయనివ్వలేదు.

నాజియా వయసులో నాకంటే చిన్న. మొదటిరోజు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేడం, ఇప్పుడు మీ కుడికాలు పట్టుకుంట. సరేనా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కంగారుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పట్టుకో" అన్నాను.

కూర్చోవడం వచ్చింది. తర్వాత ఇద్దరు పట్టుకుంటే నిలబడటం. ఆ రోజుల్లోనే ఐర్లాండ్ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. కొంతకాలం ఆగుతాం, ఆ తర్వాత ఆగలేం అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఆ ఫోన్ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మధ్యాహ్నాలు యాడి కునుకు తీస్తున్నప్పుడు, కిటికీ ఊచలు పట్టుకుని లేవడం, కూర్చోవడం మొదలుపెట్టాను. కాళ్లు వణికేదాకా. వణికాక కూడా. నాజియాకు చెప్పలేదు. నాలుగు రోజులు గడిచేసరికి మంచినీళ్ల గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మర్నాడు కూర్చోలేకపోయాను. జబ్బు తిరగబెట్టిందనుకుని శ్రీను డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. మళ్లీ హైదరాబాద్. మళ్లీ కండక్షన్ స్టడీ.

"రిలాప్స్ కాదు. ఓవర్‌వర్క్ వీక్‌నెస్" అన్నారు న్యూరాలజిస్ట్. "కోలుకుంటున్న నరాన్ని కొరడాతో కొడితే పరుగెత్తదమ్మా. పడిపోతుంది."

తిరిగొచ్చాక నాజియా కోప్పడింది. "మీ కాడికొచ్చిన పేషెంట్ గిట్ల జేస్తే మీరేమంటరు మేడం?"

"తిడతాను."

"అయితే నేను తిట్టాల్నా?"

"తిట్టు."

ఆమె తిట్టలేదు. నా చేతి వేళ్లు ఒక్కొక్కటే చాపుతూ కూర్చుంది. కొంచెం సేపటికి, "మీ పని పోతదని భయమా?" అని అడిగింది. అప్పటిదాకా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ నడకెప్పుడు వస్తుందనే అడిగారు.

ఐర్లాండ్ ఉద్యోగం పోయింది. ఆ కబురు విన్న రోజు శ్రీను పక్కన కూర్చుని, "పోతే పోనీలే. నువ్వు ఉన్నావు కదా, చాలు" అన్నాడు. మంచి మాటే. కానీ నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనుంటే నీకు చాలు. నాకు నా చేతులు కావాలి" అన్నాను.

అతను లేచి బయటికెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, "సరిగా అనలేదు నేను" అన్నాడు. జబ్బులో ఉన్నవాళ్ల ఇళ్లలో ఇలాంటి సాయంత్రాలు ఉంటాయి. ఎవరి తప్పూ ఉండదు.

ఇదంతా జరిగి రెండేళ్లు కావొస్తోంది. ఇప్పుడు నడుస్తాను. కుడి పాదం కిందికి వాలిపోకుండా స్ప్లింట్ అనే ప్లాస్టిక్ పట్టీ వేసుకుంటాను. అరికాళ్లకు స్పర్శ పూర్తిగా రాలేదు. చెప్పు జారిపోయినా తెలియక వట్టి కాలితో నడిచిన సందర్భాలున్నాయి. వేళ్లతో సంతకం చేయగలను, జడ వేసుకోగలను. పేషెంట్ భుజం కీలు వెనక నొక్కగలిగేంత బలం బొటనవేళ్లకు రాలేదు. ఇక రాకపోవచ్చన్నారు డాక్టర్. కోదాడ క్లినిక్ ఖాళీ చేశాం.

సూర్యాపేటలో ఒక రీహాబ్ సెంటర్‌లో ఉదయంపూట పనిచేస్తున్నాను. ఆ మధ్య ఆత్మకూర్ (ఎస్) నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. పక్షవాతం. నేను స్ప్లింట్ వేసిన కాలు ఈడ్చుకుంటూ రావడం చూసి ఆయన భార్య పక్కనున్న బంధువుతో అన్న మాట నాకు వినబడింది.

"ఆమెకే కాలు సక్కగ లేదు. మాయనను ఏం నడిపిస్తది?"

"నిజమేనమ్మా, నేను లేపలేను" అన్నాను. "నువ్వు లేపుతవు. నేను చెప్త."

ఆమె చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పాను. ఆయన మోకాలికి తన మోకాలు ఎలా అడ్డుపెట్టాలో చూపించాను. ముందు ఆయన్ని అడగమన్నాను.

"ఏమని అడగాలె?"

"లేస్తవా అని."

ఆమె సిగ్గుపడుతూ అడిగింది. ఆయన తల ఊపాడు. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి ఆయన లేచి నిలబడ్డాడు. భార్య రెక్క పట్టుకుని కాసేపు అలాగే ఉండి, కూలబడ్డాడు. ఆమె ఆయన్ని మర్నాడు మళ్లీ తీసుకొచ్చింది.

ఇది నేను కోరుకున్న పని కాదు. చేతులతో చేసే పనే నాకిష్టం. కొన్ని పొద్దుటి పూటలు, పక్క మంచం దగ్గర కుర్రఫిజియోలు బలంగా, సులువుగా పనిచేస్తుంటే అటు చూడలేక లేచి బయటికి వెళ్లిపోతాను. కాస్త ఆగి మళ్లీ లోపలికొస్తాను.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. తిమ్మిరి రెండు కాళ్లలోనూ మొదలై పైకి పాకుతుంటే, దానితో పాటు బలం తగ్గుతుంటే, ముఖ్యంగా జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గాక అలా అవుతుంటే, విటమిన్ సూదులతో రోజులు గడపకండి. న్యూరాలజిస్ట్, ఐసీయూ ఉన్న ఆస్పత్రికి ఆ రోజే వెళ్లండి. నేను ముందే వెళ్లి ఉంటే నా వేళ్లకు బలం వచ్చేదా అని డాక్టర్‌ను అడిగాను. "చెప్పలేం" అన్నారు. ఆ 'చెప్పలేం' అన్న మాటతోనే నేను రోజూ నిద్ర లేస్తున్నాను. మీకు ఆ అవసరం రాకూడదు.