గడప నుంచి విప్పిన వేపమండలు

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులో పెట్టుకునే తిన్నాను, నవ్వాను, పెళ్లిళ్లకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు చెల్పూర్‌లో అద్దెకుండేవాళ్లం. మా ఆయన డ్యూటీకి పోతే పలకరించే దిక్కుండేది కాదు. మా బాబుకు తట్టు పోసింది. మావైపు దాన్ని తల్లి వచ్చిందంటారు. గడపకు వేపమండలు కడతారు. అవి చూసి బయటివాళ్లు లోపలికి రారు. నేనూ కట్టాను. ఇక ఆ వచ్చే ఒకరిద్దరు కూడా రాలేదు.

అప్పుడే దంతాలపల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసింది, పాపను తీసుకుని వస్తున్నానని. ఇంకా తట్టు టీకా వేసే వయసైనా రాని పసిపిల్ల. వద్దనాలి. నోరు రాలేదు. నా అనుకునే మనిషి ముఖం చూడాలని అంత ఆశగా ఉండింది. బస్సు దిగానని చెప్పగానే మండలు విప్పి పెరట్లో పారేశాను.

"ఏందక్కా, పోరని ఒంటి మీద గిట్ల ఎర్రగున్నది?"

"చెమటకాయలే. ఎండకు లేచినయ్. నువ్వు కూసో, చాయ్ పెడ్త."

అది ఉన్నన్నాళ్లు నేను ఎంత సంతోషంగా ఉన్నానో తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఊరికి వెళ్లాక పాపకు తట్టు పోసింది. తగ్గింది. గండం గడిచిందనుకున్నాను. బడికి పోయే వయసులో చేతిలోని పలక జారిపోవడం మొదలైంది. ఉన్నట్టుండి ఒళ్లు ఉలిక్కిపడేది, నడుస్తూ నడుస్తూ పడిపోయేది. పసితనంలో పోసిన తట్టే మెదడులో దాగి ఇప్పుడు లేచిందని హైదరాబాద్ డాక్టరు చెప్పారు. ఇప్పుడు మాట లేదు. కండరాలు బిగుసుకుని మెడ, నడుము వెనక్కి వంగిపోతాయి, గంటల తరబడి వదలవు. మందులిచ్చి నిద్రపుచ్చడమే.

తట్టు ఎక్కడ అంటిందని డాక్టరు అడిగితే, తల్లికి మొక్కిన బోనం ఆలస్యం చేశానని, తప్పు తనదేనని చెల్లె ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే ఆ తప్పయినా దాని నెత్తి మీంచి దిగేది కదా? ఎందుకు తెరవలేదు? నాకు చెల్లె కూడా లేకుండా పోతుందని. ఆ రోజు మండలు విప్పించిన భయమే ఇది కూడా.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. "నువ్వు రా అక్కా. నువ్వు కాళ్లు పట్టుకుంటేనే బిడ్డ జర ఊకుంటది."

వెళ్లాను. పట్టుకున్నాను. బిగువు కాస్త సడలింది. చెల్లె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

పాపకు తట్టు అంటింది మా ఇంట్లోనే. తెలిసే రానిచ్చాను. ఇదిగో, రాశాను. కొంచెం ఊపిరాడుతోంది. చెల్లెకు ఇంకా చెప్పలేదు.