పెద్దమ్మ ముఖం తిరిగిన దేశాలు

పెద్దమ్మ పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఎదురింటామె ఫోన్ చేసే వేళకు, నేను నంద్యాలలో నా గదిలో కూర్చుని పెద్దమ్మ ఫొటో కిందే మాటలు పేరుస్తున్నాను. చింతపండు, చేతులు, వృద్ధాప్యం, వంటిల్లు, ఓపిక. అలా మాటలు పెడితేనే ఇంటర్నెట్‌లో ఫొటోలు కొనేవాళ్లు వెతికినప్పుడు అది వాళ్ల కంటపడుతుంది.

"టీచరమ్మ లేయలేదు పాపా. కొళాయికి నీళ్లొచ్చినాయని పిలిస్తి. పలకలేదు. లోపలికి పోయి చూస్తే..." అని ఆమె ఆగిపోయింది.

ఫోన్ పెట్టేశాక కూడా తెర మీద పెద్దమ్మ తల వంచుకొని చింతపండులో గింజలు తీస్తూనే ఉంది. 'ఓపిక' తర్వాత ఏం రాయాలో తోచలేదు. కంప్యూటరు కూడా ఆపకుండా బస్టాండుకు వెళ్లిపోయాను.

ఆమెను మీరు చూసే ఉంటారు. మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటనలోనో, కంటి ఆపరేషన్ల కరపత్రం మీదో, ఒంటరి వృద్ధుల గురించి ఏ పత్రికలోనో వచ్చిన వ్యాసం పైనో, తెల్లచీర కట్టుకొని, తల వంచుకొని, చేతుల్లో ఏదో పనితో ఒక ముసలామె కనబడి ఉంటే, ఆమె మా పెద్దమ్మ అయి ఉండొచ్చు. మా అమ్మకు అక్క. ఆళ్లగడ్డలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు లేవు. కళ్లు చివరిదాకా సూదిలోకి దారం ఎక్కించేంత బాగున్నాయి. ఒంటరితనం సంగతి మాత్రం నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

నేను ఫొటోలు అమ్ముతానని చెబితే చాలామందికి అర్థం కాదు. పెళ్లిళ్లకు తీస్తావా అంటారు. కాదు. డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద ఇంగ్లీషు చెప్పే పని పోయాక ఇది పట్టుకున్నాను. తీసిన ఫొటోను ఒక వెబ్‌సైటులో పెడతాను. పత్రికలవాళ్లో, ఆసుపత్రులవాళ్లో, కంపెనీలవాళ్లో తమకు కావలసిన బొమ్మ వెతుక్కొని, ఇంత అని కట్టి తీసుకుంటారు. ఫొటో అక్కడే ఉంటుంది. రేపు ఇంకొకరు కొంటారు. ఎవరు కొన్నారో, దేనికి వాడారో మనకు చెప్పరు. ఏ దేశం నుంచి కొన్నారో మాత్రం మెయిల్లో వస్తుంది.

మొదట్లో బనగానపల్లె మామిడిపండ్లు తీశాను, బెలుం గుహల్లో చీకటి తీశాను, వెలుగోడు నీళ్ల మీద సాయంత్రం తీశాను. ఏవీ అమ్ముడుపోలేదు. పండ్లూ సాయంత్రాలూ ప్రపంచమంతటా ఉన్నాయి. మనుషుల ముఖాలకే గిరాకీ. కానీ మనిషి ఫొటో అమ్మాలంటే ఆ మనిషి ఒప్పుకుంటూ సంతకం చేయాలి. నా కోసం సంతకం చేసే మనిషి ఎవరున్నారని ఆలోచిస్తే ఒకే ఒక్క పేరు తట్టింది.

పెద్దమ్మ ఆ ఒప్పుకోలు కాగితాన్ని పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు చదివింది. అర్థం కానిచోటల్లా వేలు పెట్టి నన్ను అడిగింది.

"ఏ ప్రయోజనానికైనా వాడుకోవచ్చు అని ఉండాదే. అంటే ఏందీ? రేపు సారా అంగడి బోర్డు మీద ఏసుకుంటే?"

"అట్లాంటివాటికి వాడకూడదని రూలుంది పెద్దమ్మా."

"రూలుంటే సరే. ల్యాకపోతే నీ వీపు పగుల్తాది."

సంతకం చేశాక కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి, "కూర్చో పెద్దమ్మా, ఊరికే అట్లా బయటికి చూస్తూ ఉండు" అన్నాను. ఆమె కూర్చుంది. కాసేపటికే లేచి వంటింట్లోకి పోయి చాట తెచ్చుకుంది.

"ఊరికే కూసుంటే మొగం సచ్చిపోతాది పాపా. చేతికి పనియ్యి, మొగం దానంతటది వస్తాది."

అందుకే అమ్మకానికున్న ప్రతి ఫొటోలోనూ ఆమె తల వంచుకొని ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, చింతపండు వలుస్తూ, చర్చి కర్టెనుకు అంచు కుడుతూ. ఆ ఇంటి వెనక వీధిలోనే రాయి చెక్కే శిల్పులుంటారు. రోజంతా ఉలి చప్పుడు. ఒక్కోసారి ఆమె చేతులు ఆ చప్పుడుకు సరిగ్గా కలిసేవి. అది ఫొటోలో రాదు. అది మాత్రం నాకు మిగిలింది.

మొదటి ఫొటో అమ్ముడుపోయిన రోజు ఫోన్ చేసి చెప్పాను.

"ఎవురు కొన్యారు?"

"ఎవరో తెలీదు. నార్వే అని చూపిస్తాంది."

"ఎందుకంట?"

"అదీ చెప్పరు పెద్దమ్మా."

"బాగుండేటోళ్లు నా మొగం ఎందుకు కొంటారు? ఏదో కష్టం ఉండాది ఆడ. సాయంత్రం ప్రార్థనలో చెప్తాలే. ఆ దేశం యాడుండాది?" అంది.

నేను నవ్వాను. "ఏ సబ్బుల కంపెనీవాళ్లో కొనుంటారు."

"సబ్బుల కంపెనీవాళ్లకు కష్టాలుండవా?"

అలా మొదలైంది. ముందుగదిలో గోడకు ఒక ప్రపంచపటం ఉండేది. బడిలో పాతదైపోయిందని పక్కన పడేస్తే తెచ్చుకుంది. గుడ్డ మీద అంటించిన పటం, అంచులు పీలికలయ్యాయి. ఏ దేశం పేరు చెబితే ఆ దేశం వెతికి, దాని మీద వేలు పెట్టి, నిలబడి ప్రార్థన చేసేది. ఎవరో తెలియదు, ఏం కష్టమో తెలియదు, అసలు కష్టముందో లేదో తెలియదు. అయినా చేసేది. ఇక తనే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. పలకరింపు కూడా మారిపోయింది. తిన్నావా, పడుకున్నావా పోయి, "ఈ పొద్దు నేను యాడికి పోతి?" అని వచ్చింది. ఆమె వెళ్లిందేమో మహా అయితే కర్నూలుదాకా.

ఒకసారి ఎస్టోనియా అని చెప్పాను. లైను మీదే ఉండమని పటం దగ్గరికి పోయి వెతికి వచ్చింది.

"నా పటంలో ల్యాదే. నిజంగా ఉండాదా, కతలు చెప్తాండావా?"

"నీ పటం పాతది పెద్దమ్మా. రష్యా నుంచి విడిపోయిన దేశం అది."

"పాతదైతే ఏమి? పాత పేరు చెప్తే దేవునికి దొరకదా ఏందీ?"

నాకు దేవుడి విషయంలో ఎప్పుడూ ఏదీ తేలదు. చర్చిలో వెనక వరుసలో కూర్చుంటాను, పాటలు పాడతాను, ప్రార్థనప్పుడు కళ్లు మూసుకొని వేరే ఏదో ఆలోచిస్తాను. ఇది ఆమెకు తెలుసు. ఒకరోజు అడిగేశాను, ఇట్లా ముక్కూ ముఖం తెలియనివాళ్ల కోసం చేస్తే పనిచేస్తుందా అని. ఆమె కోప్పడలేదు. "నువ్వు నమ్మకపోతే మానె. దేశం పేరు చెప్పు సాలు, మిగతాది నేను చూసుకుంటా" అంది.

మా ఇళ్లలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. పెద్దమ్మ గాజులు కూడా వేసుకునేది కాదు, ఎప్పుడూ తెల్లచీరే. కొనేవాళ్లకు ఇవేమీ తెలియవు కదా. భర్త పోయిన ఆడవాళ్లకు వచ్చే పింఛను గురించి ఎవరో చేసిన వీడియోలో ఆమెను పెట్టారు. అది తిరిగి తిరిగి ఆళ్లగడ్డ చర్చి ఆడవాళ్ల ఫోన్లలోకి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, నేను పక్కనుండగానే, పెద్దమ్మను మెట్ల మీదే పట్టుకున్నారు.

"ఏం టీచరమ్మా, మాకు చెప్పకుండానే పెండ్లి చేసుకొని, మొగుణ్ణి సాగనంపేసినారంట?"

"అవునమ్మే. పెండ్లిబువ్వ మిగిలిపోయింది, తిందురు రాండి."

"ఎట్లుండె మొగుడు?"

"మంచోడే. ఒగ మాటకు ఎదురు చెప్పలేదు, ఒగ దినం ఇంట్లో లేడు."

మెట్లన్నీ నవ్వుతో నిండిపోయాయి. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆ ఫొటో తీసేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆ వీడియో చూసి ఎవురో ఒగామె పింఛనీ తెచ్చుకుంటే మంచిదే గదా. నాకు పోయిందేముండాది?" అంది.

ఆమె పోయాక, అయినవాళ్లను ఓదార్చడానికి చర్చిలో జరిపే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ కావలసి వచ్చింది. నేను ఇంట్లో వచ్చేపోయేవాళ్లతో ఉండిపోయాను. మా అన్న కర్నూలు నుంచి వచ్చి, ఫ్లెక్సీల అంగడికి వెళ్లాడు. అన్న ఫోన్లో పెద్దమ్మ ఫొటో లేదు. "ఇంటర్నెట్లో శానా ఉండాయప్పా, చూడు" అన్నాడట. అంగడతను వెతికి, ఒకటి దించి, ప్రింటు తీసి ఇచ్చేశాడు. ఎవరి తప్పూ లేదు. డబ్బు కట్టకుండా దించితే ఫొటో మీద వెబ్‌సైటు పేరు ఏటవాలుగా, లేతగా పడి ఉంటుందని వాళ్లిద్దరికీ తెలియదు. చర్చి గేటుకు కట్టాక ఎండలో అది స్పష్టంగా కనబడింది. పెద్దమ్మ నుదుటి నుంచి గడ్డందాకా ఎవరిదో పేరు. పైన 'ప్రభువునందు నిద్రించిన' అని అక్షరాలు. ఎప్పటిలాగే ఆమె తల వంచుకొని చిక్కుడుకాయలు వలుస్తోంది. తనను చూడవచ్చినవాళ్ల వైపు కూడా చూడడం లేదు.

అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"మన పెద్దమ్మ మొగం మీద వాళ్ల ముద్ర ఏందీ మే?"

చెప్పాను. విని అన్నాడు, "బతికుండంగ ఆమెకిష్టం, నీకిష్టం. ఇప్పుడు సచ్చిపోయిన మనిషి మొగాన్ని బజార్లో పెట్టి అమ్ముతావా? తీసెయ్. అన్నీ తీసెయ్."

అతను అన్నది తప్పని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

గేటుకు కట్టడానికి, తల ఎత్తి ఉన్న వేరే ఫొటో వెతికాను. ఆమె మన వైపు చూస్తున్నది ఒక్కటే దొరికింది. చింతపండు వలుస్తూ, "టీ తాగుతావా?" అని అడగడానికి తల ఎత్తినప్పుడు పడింది. గింజలు స్పష్టంగా ఉన్నాయి, ముఖం కొంచెం చెదిరింది. వెబ్‌సైటువాళ్లు పనికిరాదని తిప్పి పంపారు. దాన్నే పెట్టాము. చూసినవాళ్లంతా ఇది అచ్చం టీచరమ్మే అన్నారు.

నంద్యాలకు తిరిగి వచ్చాక రోజూ ఆ ఫొటోల పేజీ తెరిచేదాన్ని. తొలగించు అన్న మీట నొక్కితే, నిశ్చయమేనా అని అడుగుతుంది. నిశ్చయం నాకు ఏ విషయంలోనూ లేదు. తీసేస్తే ఆమె ఎక్కడికీ వెళ్లదు. ఉంచితే వెళుతుంది, కానీ వెళ్లిన చోటివాళ్ల కోసం వేలు పెట్టి నిలబడే మనిషి లేదు. వట్టి ముఖమే పోతుంది. అన్న అడిగినదానికి ఇదే అసలు జవాబేమో అనిపించేది. మళ్లీ, నాకు ఫొటోల మీద వచ్చే మెయిళ్లు తప్ప ఎవరి కబురూ రాని ఈ గదిలో, ఆమె పేరున వచ్చే ఆ ఒక్క మెయిల్ కూడా ఆపేసుకుంటానా అనిపించేది. ఇందులో నా స్వార్థం ఎంతో, ఆమె మాట ఎంతో తేల్చుకోలేకపోయాను. పేజీ మూసేసేదాన్ని.

ఆమెది అద్దె ఇల్లు. ఖాళీ చేసి తాళం ఇవ్వడానికి ఆళ్లగడ్డకు బయలుదేరాను. బస్సు శనగచేల మధ్య పోతుండగా మెయిల్ వచ్చింది. చిక్కుడుకాయల ఫొటో, లాత్వియా. అలవాటుకొద్దీ ఫోన్లో పెద్దమ్మ నంబరు తీశాను. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆమె ఫోన్ నా సంచిలోనే ఉంది.

సామాను ఎదురింటామె వాళ్లే చాలావరకు సర్దేశారు. గోడకు పటం మాత్రం ఉంది. దించుదామని దగ్గరికి వెళితే మరకలు కనబడ్డాయి. ఇన్నేళ్లూ దూరం నుంచి చూసి పటం పాతబడి అలా ఉందనుకున్నాను. నార్వే మీద గోధుమరంగు మచ్చ. బ్రెజిల్ మీద నూనె మెరుపు. జపాన్ దాదాపు అరిగిపోయింది. చేతిలో పని వదిలేసి లేచి వచ్చేది కదా, చింతపండు వేళ్లతోనే పెట్టేది.

లాత్వియా ఆ పటంలో లేదు. ఎస్టోనియా కోసం ఆమె వేలు పెట్టిన మచ్చ, రష్యా అంచున సముద్రం పక్కన ఉంది. దానికి కొంచెం దిగువన నా వేలు పెట్టాను.

"లాత్వియా" అన్నాను, పైకే.

ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. మిగతాది ఆమె చూసుకునేది.

వెనకవీధిలో ఉలి చప్పుడు ఆగింది. గుమ్మం బయటి నుంచి ఎదురింటామె, "ఎవురమ్మా లోపల?" అని పిలిచింది.

"నేనే."

"ఎవురితోనో మాట్లాడ్తాండావే?"

ఎవరితోనని చెప్పను? కాసేపు చూసి ఆమె వెళ్లిపోయింది.

ఫొటోలు తీసేయలేదు. ఆ విషయం అన్నకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. అతను సరే అనలేదు, కాదనలేదు. పటం ఇప్పుడు నంద్యాలలో నా గది గోడకు ఉంది. ఆ రోజు మాత్రం దాన్ని వెంటనే దించలేకపోయాను. ఖాళీ గదిలో, గోడకు ఎదురుగా, ఆమె మచ్చ పక్కన వేలు పెట్టి అలాగే నిలబడ్డాను. వెనకవీధిలో ఉలి మళ్లీ మొదలైంది.