అట్టలు చెల్లెలికి, రికార్డులు అన్నకు

బైపాస్ రోడ్డు మీద, పంక్చరైన స్కూటరు పక్కన ఒక బట్టతల మనిషి తాను ఎండలో మాడుతూ, చేతిలోని పెద్ద ఎక్స్‌రే కవరును మాత్రం తన ఒంటి నీడలో దాచుకుని నిలబడి ఉన్నాడు. డ్రైవింగ్ స్కూలు కారు అతన్ని దాటిపోయి, కాస్త దూరంలో ఆగి, వెనక్కి వచ్చింది. నడుపుతున్నావిడ మరీ జాలిగుండె మనిషేమీ కాదు. ఆ ఉదయం లైసెన్సు పరీక్షకు తీసుకెళ్లిన ముగ్గురూ తప్పారు. ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ ఇల్లు చేరాలని ఆవిడకు ఉంది.

"ఎవరికండీ, ఛాతీలో ఏమన్నా తేడానా?" అంది అద్దం దించి.

"ఇది ఎక్స్‌రే కాదండీ, పాటల రికార్డు. నాలుగింటికల్లా చేరకపోతే పదిమంది కలిసి నన్ను నమిలేస్తారు."

"మీరేం చేస్తుంటారు?"

"పళ్ల డాక్టర్నండీ."

"అయితే ఆ నమిలే పళ్లు మీరు కట్టినవేగా, భయమెందుకు? ఎక్కండి."

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ బ్రేకు మీద కాలు మోపి, ఊళ్లో సగం మంది గుండెలు జారేలా తొక్కినందుకే ఆవిడకు బ్రేకమ్మ అని పేరు వచ్చింది. ఇప్పుడు ఆ సీట్లో డాక్టరు కూర్చున్నాడు. పెద్ద చదువులు చదివినవాడు కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చుంటాడనుకోవడం ఆవిడ పొరపాటు.

"పంపుల షెడ్డులో మా క్లబ్బండీ," అన్నాడతను. "మోటారు పంపులు బాగుచేసే మాస్టారు ఒకాయన ఉన్నాడు. పంపు తయారయ్యేదాకా కూర్చున్న వాళ్లకు పాత రికార్డులు పెట్టేవాడు. పంపు అయిపోయినా కొందరం లేవలేదు. అదే క్లబ్బయింది. వారానికో ఆల్బం. రెండు వైపులూ అయ్యేదాకా కదలకూడదు, దగ్గకూడదు. తర్వాత ఎవరేం విన్నారో చెప్పాలి. ఊరికే 'బాగుంది' అన్నవాడు టీ గ్లాసులు కడగాలి. మొదటి నెలంతా నేనే కడిగాను."

"నోట్లో చేతులు పెట్టేవారికి అదో లెక్కా?"

"ఆ మాస్టారు చెప్పే కథలు వినాలండీ! పోయినవారం వీణ ఆల్బం. రికార్డింగులో ఒకడు ఏదో తప్పు పట్టాడట. వీణ వాయించినావిడ నోరు మెదపకుండా లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా, మిట్టమధ్యాహ్నం ఇంటికి నడిచి వెళ్లిపోయిందట!"

'వెళ్లిపోయిందట' దగ్గర డాక్టరు కాలు బ్రేకు మీద పడింది. కారు ఎగిరి ఆగింది. వెనక లారీవాడు హారన్‌తోనే బూతులు తిట్టాడు.

"కాలు తీయండి ముందు!" అంది బ్రేకమ్మ. "రికార్డు అట్ట మీద అలా ఎక్కడా లేదే?"

"ఏ అట్టండీ? ఆయన దగ్గర అట్టలు లేవు. అన్నీ చెదలు తినేశాయట. అందుకే నేనే ఆసుపత్రి నుంచి ఈ కవర్లు తెచ్చిచ్చాను."

ఈసారి బ్రేకు తొక్కింది ఆవిడే.

చెదలట! నూట నలభై అట్టలు తిన్న ఆ చెదపురుగు తానే అని డాక్టరుకు చెప్పాలో వద్దో తేల్చుకోలేక, ఆవిడ గేరు మార్చి ముందుకు పోనిచ్చింది.

లోకంలో పంపకాలు చూసినవాళ్లకు ఆశ్చర్యం ఉండదు. తలుపు రెక్కలు చెరొకటి ఊడదీసుకుని పోయిన అన్నదమ్ములున్నారు. ఆవిడదీ, ఆ పంపుల మాస్టారైన అన్నదీ అంతకంటే అందమైన తగువు. తండ్రి బోర్డుల మీద అక్షరాలు రాసేవాడు. కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టి పోయాడు. ఆ మూడు నెలలూ అన్న ఎక్కడో నీళ్ల ప్రాజెక్టు దగ్గర పంపులు బిగిస్తూ, ఇదిగో వస్తున్నా అదిగో వస్తున్నా అంటూ, అంతా అయ్యాకే వచ్చాడు. రికార్డుల బీరువా దగ్గర ముందు ఎవరు ఏరుకోవాలన్న మాట వచ్చింది. మేనత్త చెరిసగం అంది. "సరే, సగమే," అని చెల్లెలు అట్టలన్నీ లాగి ఒళ్లో పెట్టుకుంది. "నీకు చక్రాలు, నాకు అట్టలు. పో!" నిజంగానే పోయాడు. తొమ్మిదేళ్లు.

ఆవిడ దాచుకున్నది అట్టలు మాత్రమే కాదు. తండ్రి రోజూ సాయంత్రం కొడుకు గురించి ఏమని అడిగేవాడో, అది కూడా దాచుకుంది. అది వినే అర్హత అన్నకు లేదని అప్పట్లో తీర్మానించింది. తర్వాత ఆ తీర్మానాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక ఊరుకుంది.

"ఇవాళ ఏ ఆల్బం?" అని అడిగింది.

"క్లారినెట్ అండీ. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఒకటే పెద్దది."

నీలం అట్ట. ఇటు వీపు తిప్పి నిలబడ్డ మనిషి. వెనకనున్న ప్రతి ముక్కా ఆవిడకు కంఠతా వచ్చు. కారు ఇంటి ముందు ఆపి, రెండు నిమిషాల్లో ఆ అట్టను చంకలో పెట్టుకుని వచ్చి కూర్చుంది. పదిమంది ముందూ చదివి, అన్నగారి కథలకు శుభ్రంగా బ్రేకు వేయాలని ఆవిడ ఉద్దేశం.

షెడ్డులో విప్పిన మోటార్ల మధ్య బల్లలు, డబ్బాలు, ఒక పాత కారు సీటు. అన్న జుట్టు నెరిసింది. చెల్లెల్ని చూసి చేతిలోని స్పానరును చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. అది పట్టక జారి కాలి మీద పడింది.

"డ్రైవింగ్ స్కూలు మేడం," అని డాక్టరు పరిచయం చేశాడు.

"కూర్చోండి," అన్నాడు అన్న. తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట, అదీ 'అండి'తో!

రికార్డు మొదలైంది. తొమ్మిదేళ్లుగా అట్ట మీద చదువుకున్నది ఇప్పుడు చెవిలో పడుతుంటే, దారంతా పేర్చుకున్న తిట్లు వరస తప్పాయి. క్లారినెట్ ఒకచోట ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. అక్కడ తండ్రి ఎప్పుడూ వేలు ఎత్తేవాడు. ఆవిడ చూస్తుండగానే అన్న వేలు లేచింది.

రెండు వైపులూ అయ్యాయి. రిటైరైన కండక్టరు గొంతు సవరించుకుని, "రెండో వైపు మధ్యలో రష్షు తగ్గిన బస్సులా ఉంది మాస్టారూ, కూర్చోడానికి చోటు దొరికింది," అన్నాడు. డాక్టరుకు ఏదో పుప్పిపన్ను గుర్తొచ్చిందట. అప్పుడు అన్న వంతు వచ్చింది.

"ఈయన వాయించేటప్పుడు ఎంత ఉక్కపోసినా ఫ్యాన్ ఆపించేవాడు," అన్నాడు నేలకేసి చూస్తూ. "రెక్కల చప్పుడు పడేది కాదు. అందరూ చెమటలు కక్కుతూ కూర్చోవాల్సిందే. చివరికి పై అరలో ఏదో అందుకోబోయి స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టుతోనే ఈ రెండో వైపు వాయించాడు."

ఫ్యాన్ ఆపించింది నాన్న. స్టూలు మీంచి పడింది నాన్న. అక్షరం వంకరపోయిందని దుకాణంవాడు అన్నందుకు నిచ్చెనా, కుంచెలూ, చెప్పులూ అక్కడే వదిలేసి ఎండలో నడిచొచ్చింది కూడా నాన్నే. ఈ దొంగవెధవ నాన్నను ముక్కలుముక్కలు చేసి, ప్రతి రికార్డులోనూ కొంచెం కొంచెం దాచుకున్నాడు!

"మేడం దగ్గర అసలు అట్ట ఉంది మాస్టారూ!" అన్నాడు డాక్టరు సంబరంగా. "చదవండి మేడం, ఏం రాశారో."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దొరికిపోయినప్పుడూ ఇలాగే ఎర్రబడేవి. ఆవిడ అట్ట తిప్పింది. 'ఈ రికార్డును ఎండలోను, తేమలోను ఉంచరాదు. సూది అరిగినచో మార్చవలెను' అని ఉంది అక్కడ.

"కాలు విరిగిన మాట నిజమే," అని చదివింది ఆవిడ. "మూడు నెలలు మంచం మీదున్నాడట. రోజూ సాయంత్రం 'పెద్దాడు వచ్చాడా' అని అడిగేవాడట. రాలేదంటే, 'దారిలో ఉంటాడులే, ఆ ఫ్యాన్ ఆపండి, అడుగుల చప్పుడు వినపడదు' అనేవాడట."

"పెద్దాడెవరు?" అన్నాడు కండక్టరు.

"తబలా వాయించేవాడు," అంది ఆవిడ.

అన్న మోటారు మీది గ్రీజును బొటనవేలితో గీకుతూ, "కోపంగా అడిగేవాడని రాశారా?" అన్నాడు.

ఆవిడ అట్టను దగ్గరగా పెట్టుకుని, ఎక్కడైనా ఉందేమోనన్నట్టు కింద వరకూ వెతికింది.

"లేదు. కోపంగా అని లేదు."

అన్న తల ఊపాడు. ఆ ఊపడం ఆగలేదు.

ఆవిడ లేచి, ప్లేయరు మీది రికార్డును అంచులు పట్టుకుని తీసి, ఒకసారి ఊది, నీలం అట్టలోకి జార్చింది. అట్టను చంకలో పెట్టుకుని, విప్పిన పంపులను దాటుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

"మేడం, మేడం, అది క్లబ్బు రికార్డండీ!" అని డాక్టరు లేవబోయాడు.

"కూర్చోండి డాక్టరుగారూ," అన్నాడు అన్న.

ఆవిడ వెనక్కి తిరగలేదు. వెళ్లొస్తానని కూడా అనలేదు.