బద్వేలు పోలింగులో పంచెల పరీక్ష

కడప జిల్లా పార్టీ కచేరీలో నేను హెడ్ గుమాస్తాను. 1930ల చివర్లో, ఒక మాఘమాసంలో, పార్టీ అఖిల భారత అధ్యక్షుడి ఎన్నికకు బద్వేలులో పోలింగు ఆఫీసరుగా వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. హోదా ఒక్కరోజుదే అయినా తలపాగా రెండుసార్లు విప్పి చుట్టుకున్నాను.

అధ్యక్షుణ్ణి మామూలు సభ్యులు ఎన్నుకోరు. సభ్యులు డెలిగేట్లను ఎన్నుకుంటారు, ఆ డెలిగేట్లు అధ్యక్షుడికి ఓటేస్తారు. డెలిగేటు నిత్యం ఖద్దరు కట్టేవాడై ఉండాలి, పోలింగు ఆఫీసరు కూడా. ఓటు చీటీ ఇచ్చేముందు అది చూడటం పోలింగు ఆఫీసరు పని.

బద్వేలుకు డెలిగేట్లు ఐదుగురు. చీటీకి మొదట వచ్చినవాడు నేతగాళ్ల వీధి పంపిన ఓబులేసు. ఆ వీధికి డెలిగేటు పదవి దక్కడం అదే మొదలు కాబట్టి, వీధి వీధంతా బయట నిలబడి ఉంది. నేను చీటీ ఇవ్వబోతుంటే, పోటీలో ఉన్న ఇద్దరిలో రెండో అభ్యర్థి తరఫు డెలిగేటు సుబ్బారెడ్డి, ఓబులేసు ఓటు మొదటివాడికేనని తెలిసి అడ్డు తగిలాడు. ఆ పంచె ఖద్దరు కాదు, మిల్లు నూలన్నాడు.

"నా చేత్తో నేనే నేసినా సామీ" అన్నాడు ఓబులేసు.

నేత చేతిదైతే చాలదు, నూలు కూడా రాట్నం మీద వడికిందై ఉండాలి. ఊరందరికీ బట్ట నేసేవాణ్ణి బట్ట బాగాలేదని పంపడానికి నాకు సిగ్గేసింది. అయినా ఆఫీసరును కదా, చీటీ వెనక్కి తీసుకున్నాను.

"మా వీధోళ్లకు ఏం జెప్పేది?" అంటూ గడప దాకా పోయిన ఓబులేసు, ఏమనుకున్నాడో తిరిగొచ్చి సుబ్బారెడ్డి పంచె అంచును బొటనవేలితో రుద్దాడు.

"నీదీ మిల్లు నూలే గదా రెడ్డప్పా. పోయినేడు నీ కూతురు పెండ్లికి నేనే నేసిచ్చినా."

మిగతా ముగ్గురూ పంచెలు బల్ల కిందికి లాక్కున్నారు. ఓబులేసు వదల్లేదు. అంచులన్నీ పట్టి చూశాడు, ఒక్కటీ నిలవలేదు. చివరికి నా దగ్గరికొచ్చాడు. నాది కడప దుకాణంలో ముద్ర చూసి మరీ కొన్న ఖద్దరు. గర్వంగానే అంచు చాపాను.

"అడ్డపోగులు రాట్నానివే సామీ. నిలువుపోగులే మిల్లువి" అన్నాడు మెల్లగా, నా మర్యాద పోకుండా.

అంటే నేను సగం ఆఫీసరునే. నియమం ప్రకారం ఆ గదిలో ఓటు వేసేవాడూ లేడు, వేయించేవాడూ లేడు. సుబ్బారెడ్డి గొంతు సవరించుకుని, ఆక్షేపణ మానుకుంటున్నానని రాసిచ్చాడు. ఓబులేసుకే మొదటి చీటీ ఇచ్చాను. రిపోర్టులో 'డెలిగేట్ల వస్త్రములు పరీక్షింపబడినవి' అని రాశాను. పరీక్షించినవారి పేరు రాయలేదు.

ఆ తర్వాత ఏ పోలింగుకు పోయినా ముందు నా పంచె చూసుకుని, ఆ పైనే ఎదుటివాడి పంచె వైపు చూశాను. నా పంచె కూడా బద్వేలు పోయి, ఓబులేసు వేలితో రుద్ది చూశాకే కొన్నాను.