ఇంట్లో పురుగుండాది

ఫిలోమినాకు చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఎదుటి మనిషి లోపల ఏముందో తెలుసుకునేదాకా నిద్రపట్టదు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్ ఇళ్లలో పుట్టిన పిల్ల. షిఫ్టు దిగి వచ్చిన నాన్న చెప్పులు విడిచే తీరు చూసి, ఆ పూట ఇంట్లో నవ్వొచ్చో లేదో చెల్లెళ్లకు చెప్పేది. ఇప్పుడు ఆ జబ్బుకే జీతమిస్తున్నారు. ముళబాగిలులో ఒక చిన్న మానసిక వైద్యశాలలో కౌన్సెలర్.

ఆ రోజు బైరకూరు మారప్ప వచ్చాడు. పట్టుపురుగులు పెంచే రైతు, కొన్ని నెలలుగా దిగులుకు మందులు మింగుతున్నాడు. మందు తగ్గించాలా వద్దా అనేది ఫిలోమినా చెప్పేదాన్ని బట్టి డాక్టరు తేలుస్తాడు.

"మనసు ఎట్లుండాది మారప్పా?"

"బాగుండాదమ్మా."

"నిద్ర?"

"బాగుండాది."

తిండీ బాగుందట. మరి చొక్కా ఎందుకంత వదులైంది? ముఖంలో ఏ కదలికా లేదేం? మాట ఒకటి, ముఖం ఒకటి చెబుతుంటే ఫిలోమినా వదిలే రకం కాదు. పక్కనున్న భార్య తాయమ్మ వైపు తిరిగింది.

"ఇంట్లో పురుగుండాది మేడం," అంది తాయమ్మ మామూలుగా. "అది గూడు కట్టేదాకా మా ఇంట్లో ఎవురూ బాగలేదు అనకూడదు. ఆ మాట పురుగుకు తగిలి పంట పోతుంది."

ఇన్నేళ్లలో ఈ ఊళ్ల వాళ్లు చెప్పిన 'బాగుండాది'ల్లో ఎన్ని పురుగు కోసం చెప్పినవో అనుకుంటే ఫిలోమినాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. వాళ్ల ఆచారంతో తగవు పెట్టుకోలేదు.

"సరే, ఇప్పటి మాట వద్దులే. గూళ్లు అమ్మేసినాక ఏం చేస్తావప్పా?"

మారప్ప మొదటిసారి తలెత్తాడు. "అమ్మేసినాక నాదేముందమ్మా. బోరు మోటారు వేసేది తాయమ్మకు నేర్పించినాను. ఆవులకు సూది ఎవురు వేస్తారో కూడా చెప్పినాను."

"హుషారొచ్చి నేర్పిస్తా ఉండాడనుకున్నాను," అంది తాయమ్మ. అనేసి చటుక్కున మొగుడి ముఖంలోకి చూసింది.

ఫిలోమినా కుర్చీ దగ్గరకు జరుపుకుని తిన్నగా అడిగింది. "చచ్చిపోదామని ఉండాదా?"

నోటితో అనకూడదు గదా. మారప్ప తల మాత్రం ఊపాడు.

ఈ పూటే ఆస్పత్రిలో చేరాలని, ఒంటరిగా ఉండకూడదని ఫిలోమినా చెప్పింది.

"పురుగుకు ఆకు ఎవురు వేస్తారు?" అన్నాడతను.

తాయమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పంటంతా పోతే పోనీ. బాగలేదని చెప్పు. నాకు వినపడేటట్టు చెప్పు."

మారప్ప రెండో చెయ్యి ఆమె చేతి మీద పెట్టాడు.

"బాగలేదు తాయమ్మా," అన్నాడు.